జపాన్‌లోని తకయామాలో ఒక్క రోజే ఉంటే ఏమి చూడాలి, ఏమి తినాలి?

నగోయా నుంచి రైలులో సుమారు రెండున్నర గంటల దూరంలో, గిఫు రాష్ట్రపు కొండల నడుమ ఉన్న తకయామాలో ఒక్క రోజే గడిపేవారు మియాగావా నది ఒడ్డున జరిగే ఉదయపు సంతతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే మధ్యాహ్నానికల్లా అది ముగిసిపోతుంది. దానికి దగ్గరలోనే ఉన్న సన్మాచి వీధులలో పాతకాలపు వర్తకుల చెక్క ఇళ్లు వరుసగా నిలిచి ఉన్నాయి. వాటిలో కొన్ని సాకే అనే బియ్యపు మద్యం తయారుచేసేవారివి. ఆ ఇళ్ల చూరు కింద సుగి అనే జపాన్ దేవదారు చెట్టు రెమ్మలతో కట్టిన పెద్ద బంతి వేలాడుతుంది. కొత్త సాకే సిద్ధమైనప్పుడు పచ్చగా కట్టిన ఆ బంతి, నెలలు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది తకయామా జిన్యా. 1692లో, అప్పట్లో జపాన్‌ను ఏలిన సైనిక పాలకులైన తొకుగావా షోగన్‌ల ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని నేరుగా తన ఏలుబడిలోకి తెచ్చుకున్న తరువాత పాలన సాగిన కార్యాలయం ఇదే. పన్నుగా వసూలైన బియ్యాన్ని నిల్వచేసిన గిడ్డంగిని కూడా అక్కడ చూడవచ్చు.

తినడానికి, బియ్యప్పిండి ఉండలను పుల్లకు గుచ్చి సోయా సాస్ పూసి కాల్చే మితరాషి దాంగో దొరుకుతుంది. ఇక్కడ అది తియ్యగా ఉండదు. మాంసాహారులకు, ఈ ప్రాంతపు పాత పేరుతో పిలిచే హిదా గొడ్డుమాంసం ప్రసిద్ధం. శాకాహారులు మాత్రం చారులలో చేపల రసం కలుస్తుందేమో ముందుగానే అడగాలి.

ఏప్రిల్ 14, 15 తేదీలలోనూ అక్టోబరు 9, 10 తేదీలలోనూ అలంకరించిన రథాల ఉత్సవాలు జరుగుతాయి కనుక, ఆ రోజులలో వెళ్లేవారు బసను చాలా ముందుగా ఖాయం చేసుకోవాలి.