పశువైద్యం చదవాలంటే ముందు పాక గడప తొక్కాలి

ప్రశ్న: మేము బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటాము. సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో సంవత్సరం) చదువుతున్న మా అమ్మాయి పశువైద్యురాలు కావాలంటోంది. ఇంట్లో ఉన్న కుక్కను తప్ప మరే జంతువునూ తాకి ఎరగదు. వందల గంటల అనుభవం చూపిస్తేనే సీటు ఇస్తారని అమెరికాలో ఉన్న మా ఆడపడుచు అంటోంది. మా అత్తగారిది పలమనేరు దగ్గర పల్లె. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆడపడుచుగారు చెప్పినది అమెరికా విషయంలో నిజమే. అక్కడి దరఖాస్తులో పశువైద్యుని పర్యవేక్షణలో గడిపిన గంటలను ఒకచోట, జంతువులతో గడిపిన ఇతర గంటలను మరొకచోట విడివిడిగా చూపాలి. మన దగ్గర అటువంటి లెక్క లేదు. పశువైద్య డిగ్రీ అయిన బి.వి.ఎస్సీ. అండ్ ఏ.హెచ్. కోర్సులో 15 శాతం సీట్లను వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నీట్ ర్యాంకుల మీద నింపుతుంది. మిగిలినవాటిని ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన పద్ధతిలో భర్తీ చేస్తుంది. కర్ణాటకలో వ్యవసాయదారుల కోటాకు మాత్రం ప్రాక్టికల్ పరీక్ష ఉంది. కాబట్టి కేవలం సర్టిఫికెట్టు కోసం అమ్మాయిని ఎక్కడికీ పంపనవసరం లేదు.

అలాగని పుస్తకాలకే పరిమితం చేయమని నేను చెప్పను. ఒక ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు సాగే ఈ కోర్సు పేరులోనే పశుపోషణ (ఏ.హెచ్., అంటే యానిమల్ హజ్బెండరీ) ఉంది. చదువులో ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, కోళ్లదే పెద్ద వాటా. కుక్క మీది ప్రేమతో చేరి, మోచేతి దాకా గ్లవ్ తొడుక్కొని ఆవుకు చూడి పరీక్ష చేయవలసి వచ్చిన రోజున నిర్ఘాంతపోయిన పిల్లలను నేను చూశాను. ఆ తడబాటు ఇప్పుడే వస్తే నష్టం కొన్ని రోజులే, చేరిన తరువాత వస్తే సంవత్సరాలు.

మీకు పలమనేరు ఉండడం అదృష్టం. (నగరంలో పుట్టి పెరిగిన చాలామందికి ఆ వసతి ఉండదు.) నీట్ రాసిన తరువాత మూడు వారాలు అక్కడ ఉంచండి. తెల్లవారుజామున పాలు పితికే వేళకు లేచి పాకకు వెళ్లాలి, పేడ ఎత్తాలి, మేత వేయాలి. నెమరు వేసే ఆవును, వేయని ఆవును పోల్చి చూడడం, పొదుగువాపు వచ్చినప్పుడు పాలలో కనిపించే తేడాను గుర్తించడం అత్తగారే నేర్పగలరు. అవకాశముంటే ఒక ఈత చూడాలి: దూడ పడడం, బొడ్డుకు అయోడిన్ అద్దడం, మొదటి గంటల్లోనే జున్నుపాలు తాగించడం, మాయ పడే దాకా కనిపెట్టుకొని ఉండడం. అయితే మాయను ఒట్టి చేతులతో ముట్టుకోనివ్వకండి, పచ్చిపాలు తాగనివ్వకండి. బ్రుసెల్లోసిస్ అనే పశువుల బ్యాక్టీరియా వ్యాధి ఈ రెండు దారుల్లోనూ మనుషులకు సోకుతుంది. దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాల డాక్టరుగారిని మీరే స్వయంగా కలిసి, ఓపీ వేళల్లో పక్కన నిలబడి చూడడానికి అనుమతి అడగండి. పలమనేరులోనే పశు పరిశోధన కేంద్రం ఉంది. అనుమతి దొరికితే అక్కడ సంరక్షిస్తున్న పుంగనూరు ఆవులను కూడా చూపించండి.

బెంగళూరులో ఉన్న రోజుల్లో హెబ్బాళ్‌లోని క్యూపా వంటి జంతు సంరక్షణ సంస్థను సంప్రదించి, పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో వారి నిబంధనలు కనుక్కోండి. ఇంటి దగ్గరి క్లినిక్‌లో ఆదివారాలు రావచ్చునా అని అడగడమూ మంచిదే. మొదట బోనులు కడగమంటారు, భయపడిన కుక్కను పట్టుకోమంటారు. ఆ పనిని చిన్నచూపు చూసే పిల్లకు ఈ వృత్తి సరిపడదని నా అభిప్రాయం. బన్నేరుఘట్టలో పులుల దగ్గర సేవ చేయాలన్న ఉబలాటం ఉంటే దానిని కొంతకాలం పక్కన పెట్టించండి.

తేదీ, గంటలు, చేసిన పని, పర్యవేక్షించిన డాక్టరు పేరు ఒక నోటుపుస్తకంలో రాయించండి. రేపు విదేశాలకు దరఖాస్తు చేయవలసి వస్తే ఇప్పటి గంటలను జ్ఞాపకం మీద రాబట్టడం కష్టం.

ఇక వీటన్నిటికంటే ముందు చేయించవలసినది రేబిస్ టీకా. కరవకముందే వేసే మూడు డోసులను సాధారణంగా మొదటి రోజున, ఏడు రోజులకు, 21 లేదా 28 రోజులకు వేస్తారు. మే నెలలో ఊరికి పంపదలచుకుంటే ఏప్రిల్ మొదటి వారంలోనే మీ డాక్టరుగారితో మాట్లాడండి.