వెనుక జలాల ఒడ్డున లాడ్జి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

శ్రీశైలం రిజర్వాయర్ వెనుక జలాల పక్కన, పాత కర్నూలు జిల్లా వైపు, గాలం వేయడానికి వచ్చేవాళ్ళ కోసం నేనూ మా ఆయనా ఒక చిన్న లాడ్జి నడుపుతున్నాం. దాని గురించి పోయిన సంచికలో నాలుగు మాటలు రాస్తే ఉత్తరాలు చాలానే వచ్చాయి. ఎక్కువమంది అడిగినవి తీసుకుని ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అక్కా, సంగమేశ్వరం వైపు మా మామగారి భూమి రెండెకరాలు ఉంది. అక్కడి నుంచి నీళ్ళు బాగా కనిపిస్తాయి. నాలుగు గదులు కట్టి చేపలు పట్టేవాళ్ళకు అద్దెకిద్దామని మా ఆయన పట్టుబడుతున్నాడు. ఏడాది పొడుగునా నడుస్తుందా? అక్కడ బతుకు ఎట్లుంటుంది? (ఒక సోదరి, నంద్యాల)

చెల్లీ, నీళ్ళు కనిపిస్తాయన్నావు గానీ ఏ నెలలో చూశావో రాయలేదు. అసలు సంగతి అక్కడే ఉంది. సెప్టెంబర్‌లో చూసి ఉంటే మీ పొలం గట్టు దాకా అలలు కొడుతుంటాయి. అదే గట్టు మీద ఏప్రిల్‌లో నిలబడితే, నీటి దగ్గరికి పోవడానికి బీటలు వారిన ఒండ్రు మీద ఎండలో చాలా దూరం నడవాలి. శ్రీశైలం నిండు నీటిమట్టం 885 అడుగులు. మన వైపు నేల పళ్ళెం అంచులా పల్చగా వాలి ఉంటుంది కాబట్టి మట్టం కొన్ని అడుగులు దిగిందంటే ఒడ్డు ఎక్కడికో జరిగిపోతుంది. కరెంటుకు, పోతిరెడ్డిపాడు కాలువకు, హంద్రీ-నీవా ఎత్తిపోతలకు, కింద సాగర్‌కు, అందరికీ కావలసింది ఈ నీళ్ళే. పైగా 308 టీఎంసీలు పట్టేలా కట్టిన డ్యామ్‌లో పూడిక పోను ఇప్పుడు పట్టేది 215 చిల్లర.

కాబట్టి మొదట సర్వేయర్‌ను పిలిపించి మీ భూమి ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో కొలిపించు. 885 లోపల ఉన్నది ప్రాజెక్టు భూమి, అందులో ఇటుక కూడా పెట్టకూడదు. 885 పైన ఒక అడుగు ఉంది కదా అని సంబరపడొద్దు, 2009 అక్టోబర్ 2న కర్నూలు టౌను మునిగినప్పుడు శ్రీశైలంలో మట్టం 896 అడుగులు దాటింది. గదులు ఎత్తులోనే కట్టండి. నీటి అంచున కావాలనుకునేవి, అంటే కూర్చునే పందిరి, పడవల రేవు, వల ఆరబెట్టే చోటు, ఇవన్నీ ఎత్తుకుపోయి ఇంకోచోట వేసుకునేలా ఉండాలి.

ఇక ఏడాది సంగతి. ఇక్కడి సంవత్సరం ఉగాదికి కాదు, జులైలో మొదలవుతుంది. ఇక్కడ చినుకు ఉండదు, విత్తనం వేయడానికి పదును లేక రైతులు మబ్బు వైపు చూస్తుంటారు, అదే వారంలో మన ముందు నుంచి ఎర్రనీళ్ళు పొంగుకుంటూ వస్తాయి. ఎక్కడో మహాబలేశ్వరం కొండల్లో పడిన వాన ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల నింపి, గేట్లు ఎత్తాక మన దగ్గరికి చేరుతుంది. తుంగభద్ర నీళ్ళు సుంకేసుల మీదుగా వచ్చి కలుస్తాయి. ఆ రోజుల్లో మాకు నిద్ర తక్కువ. రాత్రి కట్టిన పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, తెల్లారేసరికి నీళ్ళ మధ్యలో తేలుతుంటుంది, తాడు మార్చాలి, పందిరి పీకాలి. బొరియల్లోకి నీళ్ళు పోయి పాములు, తేళ్ళు మెట్టకు వచ్చేస్తాయి కాబట్టి ప్రతి గదిలో టార్చ్ లైటు, తలుపు కింద సందు లేకుండా పట్టీ తప్పనిసరి.

ఆగస్టు, సెప్టెంబర్‌లో నిండు నీళ్ళు చూడడానికి జనం బాగా వస్తారు, చేపలు మాత్రం అంతగా పడవు. నీళ్ళు బురదగా ఉంటాయి, చేప కొత్తగా మునిగిన గడ్డి మీదికంతా చెదిరిపోయి ఉంటుంది. అక్టోబర్, నవంబర్‌లో నీళ్ళు తేరుకుంటాయి. నన్నడిగితే గాలానికైనా, మనసుకైనా ఇంతకన్నా మంచి కాలం లేదు. డిసెంబర్ నుంచి నీళ్ళు వెనక్కి పోతుంటే ఆ తడి నేలలో రైతులు శనగ, జొన్న వేస్తారు, మొన్నటి దాకా పడవ తిరిగిన చోట పైరు లేస్తుంది. హిమాలయాలు దాటి వచ్చే చారల తల బాతులు ఆ చేల అంచున మేస్తుంటాయి. పక్షులు చూసే అతిథులు ఉంటే రోళ్ళపాడుకు కూడా పంపిస్తాం, 1988లో బట్టమేక పిట్ట కోసం పెట్టిన అభయారణ్యం అది. ఆ పిట్ట ఇప్పుడు కనబడడమే గగనం, ఆ మాట వాళ్ళకు ముందే చెప్పి పంపాలి.

నీళ్ళలో మునిగి ఉండే సంగమేశ్వర ఆలయం ఎండాకాలంలో బయటపడుతుంది, కొన్ని ఏళ్ళు శివరాత్రికే, కొన్ని ఏళ్ళు ఇంకా ఆలస్యంగా. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి కలిసే చోటని, వేపదారు లింగమని, అంటే వేప కట్టె లింగమని, దూరాల నుంచి భక్తులు వస్తారు. వాళ్ళకు గది కన్నా మంచినీళ్ళు, మజ్జిగ, నీడ కావాలి. ఎండ 43 డిగ్రీలు దాటే రోజుల్లో పడవ ఎక్కించే ముందు మనిషి ముఖం చూడు చెల్లీ, డబ్బు కాదు.

ఏడాది పొడుగునా నడుస్తుంది గానీ ప్రతి నెలా ఒకేలా నడవదు. మీ ఆయనకు ఈ ముక్క చదివి వినిపించు. ఎండిన ఒండ్రు ఫొటో కూడా అతిథులకు చూపించి, ఈ నెలలో ఇలా ఉంటుందని చెప్పి గది ఇచ్చే ఓపిక ఉంటేనే దిగండి.

మేడమ్, మేలో మా ఫ్రెండ్స్‌తో వచ్చి పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా గాలం వేశాం, ఒక్కటీ పడలేదు. ఏ కాలంలో ఏ ఎర పెట్టాలి? (డిగ్రీ విద్యార్థి, కర్నూలు)

తమ్ముడూ, మేలో పది నుంచి నాలుగు దాకా చేప కూడా నీడ వెతుక్కుంటుంది. పైనీళ్ళు కాగిపోతే లోతుకు దిగిపోతుంది. ఎండాకాలం తెల్లవారుజామున వెలుగు రాకముందే గాలం నీళ్ళలో ఉండాలి, మళ్ళీ పొద్దుగూకే వేళ. నిజానికి నీళ్ళు తగ్గి చేపంతా ఒక దగ్గర చేరే కాలం అదే, గంట మంచిది దొరికితే చాలు.

ఏ చేప ఎక్కడ తింటుందో తెలుసుకుంటే ఎర సంగతి సగం తేలిపోతుంది. బొచ్చె పైనీళ్ళలో తింటుంది, రోహు మధ్యలో, ఎర్రమోసు అడుగున. అందుకే బెండు నుంచి కొక్కెం దాకా తీగ ఎంత వదలాలన్నది ఎర కన్నా ముఖ్యం. మా దగ్గర బుడ్డల చెక్క, అంటే వేరుశనగ చెక్క, నానబెట్టి, తవుడు కలిపి ముద్ద చేస్తాం, దీనికి రోహు బాగా వస్తుంది. ఎర్రలు, అంటే వానపాములు, పెడితే ఎర్రమోసు, జెల్ల పడతాయి. వరద తగ్గుతున్న మబ్బు నీళ్ళలో వాలుగ రాత్రిపూట తిరుగుతుంది, కానీ వాలుగ ఈమధ్య బాగా తగ్గిపోయింది, చిన్నది పడితే మా అతిథుల చేత వదిలేయిస్తాం. చలికాలం చేప మందంగా ఉంటుంది, ఎర చిన్నది పెట్టి, ఎండ కాస్త ఎక్కాక వేయి.

కొరమీను గురించి ఒక మాట గట్టిగా చెబుతున్నా. గడ్డి అంచున నీటి మీద ఎర్రటి చిన్న పిల్లల గుంపు బుడబుడలాడుతూ కనిపిస్తే, వాటి కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ సమయంలో దాని ముందు ఏది పడేసినా కోపంతో కొడుతుంది, పట్టడం చాలా సులువు. అందుకే పట్టకూడదు. పెద్దవి పోయిన గంటలో ఆ పిల్లలన్నిటినీ వేరే చేపలు, కొంగలు తినేస్తాయి. మా లాడ్జిలో దీనికి మినహాయింపు లేదు, ఎంత పాత అతిథి అయినా సరే.

పిల్లల్ని తీసుకుని రావచ్చా? ఈత కొట్టొచ్చా? (ఒక తండ్రి, కడప)

రావచ్చు అన్నా, ఈత మాత్రం వద్దు. ఈ నీటి అడుగున మునిగిపోయిన ఊళ్ళున్నాయి, వాటి బావులు, మొండిగోడలు, చెట్ల మోళ్ళు అలాగే ఉన్నాయి. మోకాలి లోతు అనుకున్న చోట పక్క అడుగు బావిలో పడొచ్చు. మొసళ్ళు కూడా ఉన్నాయి. నీళ్ళు దిగాక పైకి ఎండినట్టు కనిపించే ఒండ్రు లోపల మెత్తగా ఉండి కాలు లాగేస్తుంది, మనుషులు నడిచిన బాట మీదే నడవాలి. పుట్టిలోనైనా బోటులోనైనా లైఫ్ జాకెట్ లేకుండా పిల్లల్ని ఎక్కించం.

మీ లాడ్జికి వచ్చేవాళ్ళు సరదాకు చేపలు పడుతుంటే, వాటి మీదే బతికేవాళ్ళకు నష్టం కాదా? అలివి వలల గొడవ ఏమిటి? (ఉపాధ్యాయుడు, అనంతపురం)

సార్, ఈ ప్రశ్న అడిగినందుకు నమస్కారం. ఒడ్డు మీద రెండు రకాల వాళ్ళు ఉన్నారు. ఊరూ భూమీ మునిగాక వల పట్టుకున్న ఇక్కడివాళ్ళు కొందరు, విశాఖ వైపు సముద్ర తీరం నుంచి కుటుంబాలతో వచ్చి గుడిసెలు వేసుకుని, నీళ్ళు ఎటు జరిగితే అటు గుడిసె మార్చుకునేవాళ్ళు కొందరు. తెల్లారేసరికి వల తీసి, చేపను ఐస్‌లో పెట్టి, వ్యాపారి చెప్పిన రేటుకు ఇచ్చేస్తారు. చాలామంది ఆ వ్యాపారి దగ్గరే వలకూ పడవకూ అప్పు తీసుకుని ఉంటారు, కాబట్టి రేటు అడిగే నోరు ఉండదు. నాకు బాధ కలిగించేది ఇదే.

అలివి వల అంటే దోమతెరలా సన్నటి కన్నులున్న పెద్ద వల. మత్స్యశాఖ వానల తర్వాత వదిలిన పిల్లలు, సహజంగా పుట్టిన పిల్లలు, వేలెడంత కూడా పెరగకముందే అందులో వచ్చేస్తాయి. ఎండబెట్టి మూటలకెత్తి అమ్మేస్తారు. కిలోలు తూగాల్సిన చేప గ్రాముల్లో పోతుంది. నిషేధం ఉంది, దాడులు చేసి వలలు తగలబెట్టిన వార్తలు వస్తూనే ఉంటాయి, మళ్ళీ వల పడుతూనే ఉంటుంది, ఎందుకంటే దాని వెనుక పెట్టుబడి పెట్టేది కూలికి వల లాగే మనిషి కాదు. పట్టుబడేది మాత్రం అతనే.

గాలం వల్ల పోయే చేప దీని ముందు చాలా తక్కువ. అయినా మేము కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. వల ఉన్న చోటికి గాలం పోదు. పడవ, పడవ నడిపే మనిషి ఊరి మత్స్యకారులదే, కిరాయి నేరుగా వాళ్ళ చేతికి. వంటకు కావలసిన చేప రేవు దగ్గర వాళ్ళ దగ్గరే, టౌన్ మార్కెట్ రేటుకు కొంటాం. వానకాలం మొదట్లో, వరదకు ఎదురెక్కి చేప గుడ్లు పెట్టే రోజుల్లో, మా దగ్గర గాలం మూసేస్తాం. అతిథులు వాదిస్తారు, వాదించనీ. ఇంకొకటి, రిజర్వాయర్‌లో వేటకు మత్స్యశాఖ లైసెన్సులు ఉంటాయి, నల్లమల పులుల అభయారణ్యం హద్దులో అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. లాడ్జి పెట్టాలనుకునేవాళ్ళు ఈ రెండు ఆఫీసులకూ ముందు వెళ్ళి, ఎక్కడి దాకా గాలం వేయొచ్చో కాగితం మీద తీసుకోండి.

అక్కా, మీ దగ్గర పులుసు బాగుంటుందని మా మరిది చెప్పాడు. ఏం వేస్తారు? (గృహిణి, ప్రొద్దుటూరు)

గొప్ప రహస్యం లేదమ్మా. చేప పొద్దున్నే వచ్చింది కావాలి, మట్టి సట్టి కావాలి. ఉల్లిపాయ, పచ్చిమిరప, మెంతులు వేగాక చింతపండు పులుసు పోసి బాగా మరగనిచ్చి, ముక్కలు చివర్లో వేసి, గరిట పెట్టకుండా సట్టిని పట్టుకుని తిప్పుతాం. మధ్యాహ్నం చేసి రాత్రికి వడ్డిస్తాం, అప్పటికి ముక్కకు పులుసు పడుతుంది. చలికాలం రాగి సంగటితో, మిగతా రోజుల్లో జొన్న రొట్టెతో. తెల్లవారుజామున గాలానికి పోయి తొమ్మిదింటికి ఆకలితో వచ్చేవాళ్ళకు ఉగ్గాని, బజ్జీ సిద్ధంగా ఉండాలి, అది ఆలస్యమైతే చేప పడిన సంతోషం కూడా నిలవదు.

గాలం మూసేసిన నెలల్లో పనివాళ్ళకు జీతం ఎట్లా ఇస్తారు? నేను కూడా ఇలాంటిదే మొదలుపెట్టాలని టెన్షన్‌గా ఉన్నాను. (ఒక సోదరుడు, ఆత్మకూరు)

అన్నా, సగం జీతం ఇచ్చి ఇంటికి పంపేస్తే మంచి మనిషి తిరిగి రాడు, హైదరాబాద్ పోతాడు. అక్టోబర్ నుంచి మే దాకా వచ్చే ప్రతి గది అద్దెలో కొంత పక్కన పెట్టి, దాన్ని వానకాలం జీతాలకే వాడతాం, వేరే దేనికీ ముట్టుకోం. ఎండాకాలం గుడికి వచ్చే భక్తుల భోజనాల మీద వచ్చేది కూడా అందులోకే. పని లేదనుకోకు, ఆ నెలల్లోనే పని ఎక్కువ: పైకప్పు, మోటారు, వైరింగ్, గడ్డి కోత, పరుపులు ఎండబెట్టడం. పుట్టికి తారు పూయడం మాత్రం జూన్ మొదటి వారంలోనే, ఎండ ఉండగానే ముగించు. తేమ పట్టిన పుట్టికి తారు అంటుకోదు, జులైలో నీళ్ళు వచ్చినప్పుడు అది కారుతుంది, ఆ రోజు నీకు పడవ అవసరం ఎక్కువ ఉంటుంది.