సీప్యానెల్ వచ్చు, క్లౌడ్ కోర్సులో చేరాలా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతున్నాను. మా ఊళ్లో రెండు బట్టల షాపులకు, ఒక స్కూలుకు వర్డ్‌ప్రెస్‌లో వెబ్‌సైట్లు చేసిచ్చాను. అన్నీ ఏడాదికోసారి డబ్బు కట్టే మామూలు షేర్డ్ హోస్టింగ్‌లోనే ఉన్నాయి. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు క్లౌడ్ కోర్సుకు 45 వేలు అడుగుతున్నారు. అసలు షేర్డ్ హోస్టింగ్‌కూ క్లౌడ్‌కూ తేడా ఏమిటి? చేరమంటారా?

జవాబు: ఇప్పుడే చేరకండి. మీ దగ్గర మూడు నడుస్తున్న సైట్లున్నాయి, కోర్సులో చేరే చాలామందికి అవి కూడా ఉండవు. తేడా ఏమిటో చూస్తే ముందు ఏం నేర్చుకోవాలో మీకే తెలుస్తుంది.

షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద వందల సైట్లు ఉంటాయి. లైనక్స్, పీహెచ్‌పీ, డేటాబేస్, మెయిల్ అన్నీ కంపెనీయే చూసుకుంటుంది. మీకు కనపడేది సీప్యానెల్ అనే కంట్రోల్ స్క్రీన్, అందులో సైటు ఫైళ్లుండే పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డరు. చవక, టెన్షన్ తక్కువ. కాకపోతే పక్క సైటుకు జనం ఎగబడితే మీ సైటు నెమ్మదిస్తుంది, మీ సైటుకే ఎగబడితే లిమిట్ దాటిందని ఆపేస్తారు.

క్లౌడ్‌లో మెషీన్‌ని మీరే అద్దెకు తీసుకుంటారు. అమెజాన్ 2006లో ఎస్3 (ఫైళ్లు దాచే చోటు), ఈసీ2 (అద్దె మెషీన్లు) సర్వీసులతో ఈ పద్ధతిని మొదలుపెట్టింది. కావలసినప్పుడు నిమిషాల్లో మెషీన్ తెరవొచ్చు, అక్కర్లేనప్పుడు తీసేయొచ్చు, వాడినంతకే బిల్లు. ఎక్కడ పెట్టాలో కూడా మీ ఇష్టమే. అమెజాన్ డేటా సెంటర్లున్న ముంబై రీజియన్ 2016లో వచ్చింది, హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో. అయితే చేతికొచ్చేది ఖాళీ లైనక్స్ మెషీన్. సీప్యానెల్ ఉండదు. వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎన్‌జిన్‌ఎక్స్ వేయడం, 22 (లాగిన్‌కు), 80, 443 (వెబ్‌కు) పోర్టుల్లో ఏది ఎవరికి తెరవాలో చెప్పడం, ఎస్‌ఎస్‌ఎల్ (హెచ్‌టీటీపీఎస్ తాళం గుర్తు), బ్యాకప్, అప్‌డేట్లు అన్నీ మీ నెత్తినే.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఒక్క చోట. క్లౌడ్‌లో పెడితే జనం పెరిగినప్పుడు సైటు దానంతటదే పెరుగుతుందనుకుంటారు. టెన్త్ రిజల్ట్స్ సైటునే తీసుకోండి. ఏడాదంతా ఖాళీ, ఫలితాల రోజు లక్షల మంది ఒకేసారి హాల్‌టికెట్ నంబరు కొడతారు. క్లౌడ్ సరిగ్గా ఇలాంటి పనికే పుట్టింది. కానీ ఒకే మెషీన్ పెట్టి ఊరుకుంటే అది కూడా మామూలు సర్వర్ లాగే కూలబడుతుంది. ముందు లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే జనాన్ని మెషీన్లకు పంచేది), వెనక ఆటో స్కేలింగ్ (రద్దీని బట్టి మెషీన్లు పెంచేది, తగ్గించేది) మీరే అమర్చాలి. అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో అప్‌లోడ్ చేసిన ఫొటోలు మొదటి మెషీన్ డిస్కులోనే ఉంటాయి, రెండో మెషీన్‌కి వెళ్లినవాళ్లకు అవి కనపడవు. అందుకే ఫొటోలను ఎస్3కి, డేటాబేస్‌ని విడిగా ఇంకోచోటికి మారుస్తారు. క్లౌడ్ ఉద్యోగంలో జీతం ఇచ్చేది ఇలాంటి ఆలోచనకే.

బ్యాకప్ సంగతీ అంతే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ క్లౌడ్ డేటా సెంటర్ ఒకటి కాలిపోయింది. వేరేచోట కాపీ పెట్టుకోని కస్టమర్లు కొందరు డేటాను శాశ్వతంగా పోగొట్టుకున్నారు. పేరులో క్లౌడ్ ఉన్నా మంటలకు తెలియదు కదా.

బిల్లు దగ్గర కూడా జాగ్రత్త. మెషీన్‌ని ఆపేసినా దాని డిస్కుకు ఛార్జీ పడుతూనే ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి అమెజాన్ ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకు (నెట్‌లో మెషీన్‌ని చేరే నంబరు) గంటకు అర సెంటు వసూలు చేస్తోంది. అకౌంట్ తెరిచిన రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి. మీ అకౌంట్‌కు తాళంచెవుల్లాంటి యాక్సెస్ కీలు గిట్‌హబ్‌లో, అంటే కోడ్ పెట్టుకునే సైటులో, అందరికీ కనపడేలా పెట్టారంటే ఎవరో మీ ఖర్చుతో మెషీన్లు నడుపుకుంటారు.

ఇక చేయాల్సిన పని. స్కూలు వాళ్లకు చెప్పి వాళ్ల సైటు కాపీ తీసుకోండి. చిన్న వర్చువల్ మెషీన్ మీద సీప్యానెల్ లేకుండా దాన్ని నిలబెట్టండి. ఒక సబ్‌డొమైన్ తగిలించి, లెట్స్ ఎన్‌క్రిప్ట్‌తో ఉచితంగా ఎస్‌ఎస్‌ఎల్ వేయండి. తర్వాత మెషీన్‌నే డిలీట్ చేసి, బ్యాకప్ నుంచి మళ్లీ తెచ్చుకోండి. ఈ ఒక్క పనిలో లైనక్స్, డీఎన్‌ఎస్ (సైటు పేరును సర్వర్‌కు కలిపేది), నెట్‌వర్కింగ్ సగం వచ్చేస్తాయి. ఇంటర్వ్యూలో ‘సైటు ఓపెన్ కావడం లేదు, ఎక్కడ మొదలుపెడతావు?’ అంటే మీకు చెప్పడానికి సొంత కథ ఉంటుంది.

సర్టిఫికెట్ కావాలంటే అమెజాన్ క్లౌడ్ ప్రాక్టీషనర్ పరీక్ష ఉంది. 65 ప్రశ్నలు, 90 నిమిషాలు, ఫీజు 100 డాలర్లు, దానిపై పన్ను. అది పరిభాష వచ్చని చెబుతుందే గానీ పని వచ్చని కాదు.

ఇదంతా చేశాక కూడా కోర్సు కావాలనిపిస్తే వెళ్లండి. లైనక్స్, నెట్‌వర్కింగ్ చెబుతారా, ల్యాబ్ మీ సొంత అకౌంట్‌లో చేయిస్తారా అని అడిగాకే డబ్బు కట్టండి. ఒక డెమో క్లాసులో కూర్చోనివ్వకపోతే లేచి వచ్చేయండి.

షాపుల సైట్లు మాత్రం ఎక్కడున్నాయో అక్కడే ఉంచండి. రోజుకు పది మంది చూసే సైటుకు షేర్డ్ హోస్టింగే సరిపోతుంది, నెలనెలా డాలర్లలో బిల్లు వస్తే షాపు యజమాని మిమ్మల్నే అడుగుతాడు.