ఆటోపే తగ్గింపు సరే, ఆ మినిమం డ్యూ సంగతేంటి?

ప్రశ్న: మాది మధురవాడ. మావారు పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో చేస్తారు, జీతం 36,000. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, 14,000 వస్తాయి. నాలుగు సిమ్‌ల ఫ్యామిలీ పోస్ట్‌పెయిడ్, వైఫై కలిపి నెలకి 1,650 బిల్లు. బ్యాంకు ఖాతా నుంచి ఆటోపే పెట్టుకుంటే నెలకి 50 రూపాయలు తగ్గిస్తామని కంపెనీ మెసేజ్ పెట్టింది. క్రెడిట్ కార్డుతో కడితే 5 శాతం క్యాష్‌బ్యాక్ వస్తుంది. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు బ్యాంకు ఆటోపేయే మేలంటాడు, మావారు కార్డే మేలంటారు. ఏది లాభం? కార్డు బిల్లు కూడా ఆటోపేలోనే ఉంది, ఇంతవరకు ఒక్క నెల కూడా తప్పలేదు. నాలుగు నెలల క్రితం మా అత్తగారి ఆపరేషన్ ఖర్చు కూడా కార్డు మీదే కట్టాం, ఆవిడ మావారి ఆఫీసు బీమాలో లేరు. పొదుపంటే కాలనీలో ఇరవై నెలల లక్ష రూపాయల చీటీ ఒకటి వేస్తున్నాం, పదమూడు వాయిదాలయ్యాయి. కార్డు లిమిట్ రెండు లక్షలుంది కాబట్టి అత్యవసరానికి ఇబ్బంది లేదు. (బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు జత చేశాను.)

జవాబు: అడిగిన లెక్క ముందు చూద్దాం, అది రెండు నిమిషాల పని. 1,650లో 5 శాతం అంటే 82 రూపాయల 50 పైసలు. ఆటోపే తగ్గింపు 50. కార్డుతో కడితే నెలకి 32 రూపాయలు, ఏడాదికి 390 రూపాయలు ఎక్కువ మిగులుతాయి. కాగితం మీద మీవారే గెలిచారు.

మీ తమ్ముడు చెప్పిందీ తప్పు కాదు, కాకపోతే అది అక్కడి లెక్క. అమెరికాలో ఈ తగ్గింపు బిల్లు మొత్తానికి కాదు, లైనుకి ఇంత అని ఇస్తారు. అక్కడి ఫోన్ కంపెనీ టీ-మొబైల్‌ని తీసుకుంటే లైనుకు 5 డాలర్లు. 2023 నుంచి దానికి బ్యాంకు ఖాతా గానీ డెబిట్ కార్డు గానీ ఇవ్వాల్సిందే, మామూలు క్రెడిట్ కార్డు పెడితే తగ్గింపు పోతుంది. లైనుకు పది డాలర్ల దాకా ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. ఇంట్లో నాలుగు లైన్లుంటే నెలకి 20 నుంచి 40 డాలర్లు. 200 డాలర్ల బిల్లు మీద 5 శాతం కార్డు ఇచ్చేది పది డాలర్లే. బిల్లు కార్డుతో కడితే ఫోన్ పగిలినా పోయినా డబ్బిచ్చే కార్డులు అక్కడ కొన్ని ఉన్నాయి కాబట్టి, ఖరీదైన ఫోన్లున్నవాళ్లు దాన్ని కూడా లెక్కలో వేసుకుంటారు. బ్యాంకు ఖాతా నంబరు ఇవ్వాలంటే జంకేవాళ్లూ ఉన్నారు. 2021లో ఆ టీ-మొబైల్ నుంచే కోట్ల మంది కస్టమర్ల వివరాలు బయటికి పోయాయి మరి. ఏదేమైనా డాలస్ జవాబుని మధురవాడకి తెచ్చుకోనక్కర్లేదు.

ఇక్కడితో ఆపేయొచ్చు. ఇలాంటి ప్రశ్నలు వారానికి ఎన్నో వస్తాయి, అన్నిటికీ రాయను. మీకు రాయడానికి కారణం మీరు పంపిన స్టేట్‌మెంటు, మీ ఉత్తరంలోని ఆ చివరి మాట.

కార్డు బిల్లు ఒక్క నెల కూడా తప్పలేదన్నారు. నిజమే. ఒక నెల 3,200, తర్వాత 3,150, మొన్న 3,100 కట్ అయ్యాయి. కానీ బాకీ ఎంతుందో చూశారా అమ్మా? 62,000. నాలుగు నెలల క్రితం మీ అత్తగారి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో కార్డు మీద కట్టిన 64,000 అది. కార్డుకి ఆటోపే పెట్టేటప్పుడు ‘టోటల్ డ్యూ’ (మొత్తం బాకీ), ‘మినిమం డ్యూ’ (కనీసం కట్టాల్సింది) అని రెండు గడులొస్తాయి. మీ ఇంట్లో ఎవరో రెండోది నొక్కారు. అప్పట్నుంచి ప్రతి నెలా మినిమం మాత్రమే పోతోంది. బ్యాంకు మెసేజ్‌లో ‘పేమెంట్ అందింది, ధన్యవాదాలు’ అనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఈ నెల లెక్కే చూడండి. మీ కార్డు వడ్డీ నెలకి 3.6 శాతం. 62,000 మీద 2,232 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 402. రెండూ కలిపి 2,634. మీరు కట్టింది 3,100. అంటే అసలులో తగ్గింది 466 రూపాయలు. నాలుగు నెలల్లో పన్నెండు వేలకు పైగా కట్టి, తీర్చింది రెండు వేలు.

ఇప్పుడు ఫోన్ బిల్లు ఈ కార్డు మీద పెడితే ఏమవుతుందో చూడండి. పాత బాకీ ఉన్నంతకాలం కార్డుకి వడ్డీ లేని రోజులంటూ ఉండవు. కొత్తగా ఏం కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ. 1,650 మీద ఒక నెల వడ్డీ, జీఎస్టీ కలిపి 70 రూపాయలు. క్యాష్‌బ్యాక్ 82. మీవారు గెలిచిన 32 రూపాయలు పోయి, ఆటోపే ఇచ్చే 50 కన్నా తక్కువకి వచ్చారు. అదీ ఒక్క నెలలో తీర్చేస్తే.

ఇక ఆ చివరి మాట. కార్డు లిమిట్ రెండు లక్షలుంది కాబట్టి అత్యవసరానికి ఇబ్బంది లేదన్నారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది, ఏమీ అనుకోకండి. అది మీ డబ్బు కాదు. ఏడాదికి 43 శాతం వడ్డీకి, పైన జీఎస్టీకి, ఎవరో ఇస్తామంటున్న అప్పు. స్టేట్‌మెంట్లు చూసి మీ నెల ఖర్చు లెక్కేశాను. ఇంటికి 38,000, చీటీ 5,000, బండి ఈఎంఐ 3,800, కార్డు 3,100. మొత్తం 49,900. యాభై వేల ఆదాయంలో మిగిలేది వంద రూపాయలు. నెలాఖరుకి మీవారి ఖాతాలో మూడు నాలుగు వేలకి మించి ఉండటం లేదు. ఇలాంటి ఇంట్లో అత్యవసర నిధి లేకపోతే ప్రతి అత్యవసరం అప్పుగా మారుతుంది. అత్తగారి ఆపరేషన్ విషయంలో జరిగింది అదే.

పైగా మనం విశాఖలో ఉన్నాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఇక్కడే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, ఏటీఎంలు పని చేయలేదు. పాల ప్యాకెట్‌కి ఎంత చెబితే అంత ఇవ్వాల్సి వచ్చింది, అదీ నోట్లలోనే. ఆ వారం ఎంత లిమిట్ ఉన్న కార్డైనా జేబులో ప్లాస్టిక్ ముక్కే. అందుకే నా దగ్గరికొచ్చే ఇక్కడివాళ్లకి అత్యవసర నిధిలో ఐదారు వేలు ఇంట్లో నోట్లుగా ఉంచుకోమంటాను, మిగతాది విడి సేవింగ్స్ ఖాతాలో, ఏ యూపీఐ యాప్‌కీ తగిలించకుండా. యాప్‌కి తగిలిస్తే అది బిర్యానీ ఖాతా అయిపోతుంది.

ఇప్పుడు చేయాల్సింది. చీటీ ఇరవై నెలలదన్నారు, పదమూడు అయ్యాయి, ఇంకా ఏడు వాయిదాలున్నాయి. చివరిదాకా ఆగితే పూర్తి లక్ష వస్తుందని చూస్తున్నట్టున్నారు. ఆగొద్దు, వచ్చే నెల పాట పాడేయండి. ఎనిమిది వేలు వదులుకున్నా చేతికి 92,000 వస్తాయి. ఆగితే ఆ ఏడు నెలల్లో కార్డు వడ్డీకే పద్దెనిమిది వేలు పోతాయి. వచ్చిన డబ్బులో 62,000 అదే రోజు కార్డుకి కట్టేయండి. తర్వాతి బిల్లులో మధ్య రోజుల వడ్డీ ఇంకొంచెం కనబడుతుంది, కంగారు పడకుండా అదీ కట్టండి. మిగిలిన 30,000 అత్యవసర నిధికి మొదటి మెట్టు. దాన్ని ఫ్రిజ్‌కీ పండక్కీ ముట్టుకోకూడదు. కార్డుకి పోయే 3,100 ఇకనుంచి ఆ ఖాతాలోకే వెళ్లాలి, చీటీ అయ్యాక ఆ ఐదు వేలు కూడా. మొదటి రెండు నెలల చీటీ డబ్బు మాత్రం ఆరోగ్య బీమా ప్రీమియానికి తీయండి. మీవారి ఆఫీసు పాలసీలో అత్తగారు లేరు, ఉద్యోగం మారితే మీరూ ఉండరు. విడిగా తీసుకునే పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు, ఇంకా వాయిదా వేయడానికి సాకు లేదు. ఇలా వెళ్తే ఏడాదిన్నరలో మూడు నెలల ఖర్చు, అంటే 1,14,000 చేతిలో ఉంటాయి. ఆ తర్వాత ఆరు నెలల ఖర్చు గురించి మాట్లాడుకుందాం.

కాలనీ చీటీ అయిపోయాక ఇంకొకటి మొదలెట్టకండి. రిజిస్టర్ కాని చీటీలో నడిపే మనిషి చేతులెత్తేస్తే మీరు చేయగలిగేది పెద్దగా ఉండదు. ఆ పాట మీకు దక్కకపోతే బ్యాంకులో బంగారం పెట్టి కార్డు తీర్చొచ్చు, వడ్డీ కార్డు వడ్డీలో మూడో వంతు కూడా ఉండదు. అయితే ఆ రోజే కార్డు లిమిట్ యాభై వేలకి తగ్గించమని బ్యాంకుకి చెప్పాలి. ఏదో యాప్‌లో ఇన్‌స్టంట్ లోన్ తీసుకుని కార్డు క్లియర్ చేద్దామా అనుకుంటారేమో. వద్దు. దీనికి వివరణ కూడా రాయను.

ఫోన్ బిల్లు సంగతికొస్తే, ప్రస్తుతానికి బ్యాంకు ఆటోపేయే పెట్టుకోండి, కానీ మీవారి ఖాతా నుంచి కాదు. ఆయన జీతం ఒక నెల ఏడున, ఒక నెల పన్నెండున పడుతోంది, బిల్లు గడువు ఐదో తారీఖు. ఖాతాలో డబ్బు లేక ఆటోపే ఒక్కసారి బౌన్సయితే బ్యాంకుని బట్టి 250 నుంచి 500 దాకా చార్జీ, పైన జీఎస్టీ. అంటే కనీసం ఐదారు నెలల తగ్గింపు ఒక్క పూటలో పోయినట్టే. మీ స్కూలు జీతం మూడుకే పడుతోంది, మీ ఖాతానే ఇవ్వండి. గరిష్ఠ మొత్తం అడిగే చోట 2,500 అని పెట్టండి, ఎవరైనా పొరపాటున ఏ ప్యాకో వేసుకున్నా అంతకుమించి లాగలేరు. నెలనెలా వచ్చే ముందస్తు మెసేజ్‌ని తీసేయకుండా ఒకసారి చదవండి. ఆటోపే వల్ల అసలు ఉపయోగం ఆ యాభై కాదు, ఫోన్ ఆగకపోవడం. బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి, బిల్లు కట్టక లైన్ ఆగిపోతే ఖాతాకే తాళం పడినట్టు. అత్తగారి సిమ్‌ని మాత్రం ఫ్యామిలీ ప్లాన్ నుంచి తీసి ప్రీపెయిడ్‌కి మార్చి చూడండి, ఆమెకి అంత డేటా దేనికి? ఒక్క సంగతి, 28 రోజుల ప్యాక్ అయితే ఏడాదికి పదమూడుసార్లు వేయాలి, అది కూడా లెక్కేసుకోండి.

ఏడాదిన్నర తర్వాత, కార్డు బాకీ సున్నా అయి, ఆటోపే ‘టోటల్ డ్యూ’కి మారి, వరుసగా ఆరు బిల్లులు పూర్తిగా కట్ అయ్యాక, ఫోన్ బిల్లుని మీవారు చెప్పినట్టు కార్డుకి మార్చుకోండి. అప్పటికి ఆ కార్డు ఫోన్ బిల్లుల మీద 5 శాతం ఇంకా ఇస్తోందో లేదో చూసుకుని మార్చండి. ఇలాంటి బిల్లుల మీద రివార్డులు తగ్గించడం బ్యాంకులకి ఈ మధ్య అలవాటైపోయింది.