కంపెనీలను ప్రశ్నించే చదువుకు దారి ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో ఎంబీఏ పూర్తిచేసింది. ఇప్పుడు ఉద్యోగం వద్దంటోంది. కంపెనీల తీరును ప్రశ్నించే పరిశోధన చేస్తుందట, పత్రికల్లో రాస్తుందట. ఇలాంటి వాళ్లకు ఉద్యోగం ఎవరిస్తారు?
– ఒక తండ్రి, అనంతపురం

సమాధానం: ఈ చదువుకు విమర్శనాత్మక మేనేజ్‌మెంట్ అధ్యయనం (క్రిటికల్ మేనేజ్‌మెంట్ స్టడీస్) అని పేరు. మాట్స్ ఆల్వెసన్, హ్యూ విల్మాట్ అనే ఇద్దరు మేనేజ్‌మెంట్ పరిశోధకులు 1992లో ఆ పేరుతోనే వ్యాస సంకలనం తెచ్చారు. 1999లో బ్రిటన్‌లోని మాంచెస్టర్‌లో ఈ రంగం తొలి సదస్సు జరిగింది. లాభం ఎలా పెంచాలో మామూలు పాఠం చెబుతుంది. ఆ లాభం ఎవరి శ్రమతో వచ్చింది, నష్టం ఎవరి నెత్తిన పడింది, నిర్ణయంలో ఎవరి మాట చెల్లింది అని ఈ రంగం వాళ్లు అడుగుతారు.

మన దగ్గరే చూడండి. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచిలో కియా కర్మాగారానికి 2017లో ఒప్పందం జరిగింది, 2019లో కార్లు రావడం మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం అన్న అంకె తరచూ వింటాం. అనుబంధ పరిశ్రమల్లో కాంట్రాక్టు కార్మికులు ఎందరు, భూములిచ్చిన కుటుంబాలు ఇప్పుడు దేనిమీద బతుకుతున్నాయి అన్నవి మాత్రం పార్టీల వాదులాటలోనే నలిగిపోతాయి. బ్యాలెన్స్ షీటు చదవగలిగిన మనిషి ఆ ఊళ్లకు వెళ్లి, వివరాలు సేకరించి తెలుగులో రాస్తే ఆ మాటకు బరువుంటుంది. అనంతపురానికి, కర్నూలుకు, కడపకు అలాంటి వాళ్లు ఎంతో అవసరమని నా గట్టి నమ్మకం. ఈ రంగం పండితులు తమలో తాము, కొరుకుడు పడని భాషలో మాట్లాడుకుంటారన్న ఫిర్యాదు ఎప్పటినుంచో ఉంది. విమర్శ అనేది కంపెనీల్లో జరిగే ఆచరణను మార్చేదిగా ఉండాలని 2009లో ఆల్వెసన్‌తో పాటు ఆండ్రే స్పైసర్, డాన్ కారెమన్ అనే పరిశోధకులు వాదించారు. మీ అమ్మాయి పత్రికలకు రాస్తాననడం అందుకే నాకు నచ్చింది.

మీ భయం మాత్రం ఉత్తిది కాదు. 2021లో బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయం తన బిజినెస్ స్కూల్లో ఈ రంగం అధ్యాపకుల ఉద్యోగాలకే ఎసరు పెట్టింది. అందుకని ముందు కాళ్ల కింద నేల గట్టిపరచుకోవాలి.

మేనేజ్‌మెంట్ సబ్జెక్టుతో యూజీసీ నెట్ (కాలేజీ అధ్యాపకుల అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు జరిగే జాతీయ పరీక్ష) రాయించండి. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. దీనికి వయోపరిమితి 30 ఏళ్లు, మహిళలకు మరో 5 ఏళ్ల సడలింపు. 2024 జూన్ నుంచి నెట్ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికీ పనికొస్తోంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వస్తే బోధన వైపూ తలుపు తెరిచే ఉంటుంది. పరీక్షకు చదువుతూనే ఒక ఏడాది ఏదైనా ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ లేదా అకౌంట్స్ విభాగంలో పనిచేయమనండి. జీతాల పట్టికలు, షిఫ్టులు, లేబర్ కాంట్రాక్టరుతో బేరాలు దగ్గరగా చూడని వాళ్ల విమర్శ తేలిపోతుంది. అయితే అక్కడి అంతర్గత కాగితాలను వ్యాసాలకు వాడకూడదు. బహిరంగంగా దొరికే వార్షిక నివేదికలు, ప్రభుత్వ ఉత్తర్వులు, సమాచార హక్కు కింద వచ్చే జవాబులు చాలు.

పీహెచ్‌డీ గైడ్‌ను ఎంచుకునేటప్పుడు కార్మిక సంబంధాలపై ఆయన విద్యార్థులు రాసిన సిద్ధాంత వ్యాసాలు (థీసిస్‌లు) ఒకటి రెండు ముందుగా తెప్పించుకుని చదవమనండి.