మాజీ సైనికులకు మామూలు మనిషి ఏం చేయగలడు? మా జిరాక్స్ షాపులో చూసింది చెబుతాను

ప్రశ్న: "మా ఇంట్లో సైన్యంలో పనిచేసినవాళ్లు లేరు. అయినా మాజీ సైనికులకు ఏదైనా చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?"

మా ఇంట్లోనూ ఎవరూ లేరండి. గుంటూరు అరండల్‌పేటలో చిన్న జిరాక్స్, ఇంటర్నెట్ షాపు నాది. ఆరేళ్లుగా ఆదివారం పొద్దున మాజీ సైనికులకు, వాళ్ల ఇంటివాళ్లకు కాగితాల పని ఉచితంగా చేసిపెడుతున్నాను. వాళ్లకు అన్నిటికన్నా అవసరం ఇదే. శాలువాలు కప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవం అని పిలుస్తారు, వచ్చే నాయకుడి కోసం రెండు గంటలు కూర్చోబెడతారు, ఫోటో దిగి పంపేస్తారు. పెన్షన్ సరిగ్గా పడుతోందా అని ఒక్కరూ అడగరు.

పోయినేడు ప్రత్తిపాడు వైపు నుంచి ఒక మామ్మగారు వచ్చారు. భర్త ఆర్టిలరీలో చేశారు, 1971 యుద్ధంలో ఉన్నారు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షనే ఆధారం. అది మూడు నెలలుగా పడటం లేదు. బ్యాంకులో అడిగితే "స్పర్శ్‌లోకి మారిపోయిందమ్మా, మా చేతిలో లేదు" అన్నారట. స్పర్శ్ అంటే రక్షణ శాఖ పెన్షన్లు ఇచ్చే ఆన్‌లైన్ పద్ధతి అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. "ఆ స్పర్శమ్మగారు ఎక్కడుంటారు నాయనా, వెళ్లి అడుగుతాను" అన్నారు నాతో.

బతికే ఉన్నామని పెన్షన్‌దారులు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికేట్ తాలూకు చీటీ కూడా మందుల షాపు సంచీలో జాగ్రత్తగా తెచ్చారు. చూస్తే, ఆన్‌లైన్‌లో నింపేటప్పుడు 'పెన్షన్ ఇచ్చే ఏజెన్సీ' అనే గడిలో పాత బ్యాంకు పేరే పెట్టేశాడు ఎవరో. అక్కడ స్పర్శ్, పీసీడీఏ పెన్షన్స్, అలహాబాద్ అని ఉన్నది ఎంచుకోవాలి. సర్టిఫికేట్ తయారైంది కానీ చేరాల్సిన చోటికి చేరలేదు. ఆ ఒక్క లైను తప్పుకి ఆమె మూడు నెలలు బీపీ మాత్రలు సగానికి విరిచి వేసుకున్నారు. నాకు ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మళ్లీ చేద్దామంటే వేలిముద్ర పడదు. పది వేళ్లూ పెట్టించాను. ముప్పై ఏళ్లు మిర్చి తొడిమలు తీసిన చేతులు, గీతలు అరిగిపోయాయి. ఇక ఫోన్‌లో ముఖం చూపించి చేద్దామనుకున్నాను. రెప్పలు ఆర్పమంటే దేవుడికి దణ్ణం పెట్టుకున్నట్టు కళ్లు గట్టిగా మూసుకుని ఉండిపోయారు. షాపులో వెలుతురు కూడా చాల్లేదు. బయట మెట్ల దగ్గర కుర్చీ వేసి, ఎదురుగా నేను కూర్చుని రెప్పలు ఆర్పి చూపించాను. నాలుగోసారికి అయింది. రెండు వారాలకి బకాయిలతో సహా పడ్డాయని ఫోన్ చేశారు.

ఇంకో బాధ ఉంది. సెలవు మీద వచ్చిన కుర్రాడు బస్సు దిగకముందే "మిలిటరీ మందు తెచ్చావా" అని అడుగుతారు మనవాళ్లు. అతను బోర్డర్‌లో ఉన్నప్పుడు వాళ్ల నాన్నని ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తున్నారో ఎవరికీ పట్టదు. అలా తీసుకెళ్లడం కూడా సేవేనండి.

మీ వీధిలో ఎవరైనా ఉంటే ఈ ఆదివారమే వెళ్లి లైఫ్ సర్టిఫికేట్ గడువు ఎప్పటిదాకా ఉందో అడగండి. ఆధార్, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నంబరు, వాళ్ల ఫోన్ దగ్గర పెట్టుకోమనండి. స్పర్శ్ పాస్‌వర్డ్ మీరు రాసుకోవద్దు, వాళ్ల డైరీలోనే రాసివ్వండి. ఎండ ఉండగానే వెళ్లండి, ముఖం బాగా కనపడుతుంది.