తొక్కితేనే మాట వినే ఫ్రెంచి బండ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో పాత ఫ్రెంచి మోపెడ్ల మీద వచ్చినవే ఎక్కువ, అందుకని శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాం. కార్ల ప్రశ్నలు అడిగినవాళ్లు కోప్పడకండి, మీ వంతూ వస్తుంది.

ప్రశ్న: ఫ్రాన్స్‌లో లిల్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాను. ఆదివారం సంతలో ఒక పెద్దాయన నల్లటి వెలోసోలెక్స్ 3800 (సోలెక్స్ అంటారు కదా, ఆ మోపెడ్) అమ్మకానికి పెట్టాడు. ఇంజిన్ తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. కాగితాలు అడిగితే "దీనికి ఎప్పుడూ లేవు" అంటున్నాడు. మోసం అనుకోవాలా? కొనాలని మనసు లాగుతోంది, చేతికి రాదేమోనని టెన్షన్. (ఒక పాఠకుడు, లిల్)

ముందు కాగితాల సంగతి. ఆయన చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. ఫ్రాన్స్‌లో 2004 వరకు 50 సీసీ లోపు మోపెడ్లకి రిజిస్ట్రేషనే లేదు, పాతవాటికి కూడా తప్పనిసరి అయింది 2011 నుంచి, కాబట్టి షెడ్డులో మూలన పడి ఉన్న సోలెక్స్‌కి రిజిస్ట్రేషన్ కార్డు లేకపోవడంలో వింతేమీ లేదు. అయినా సరే, అమ్మినట్టు సంతకం చేసిన కాగితం లేకుండా డబ్బు చేతిలో పెట్టకండి. ముప్పై ఏళ్లు దాటిన బండికి అక్కడి పాత వాహనాల సమాఖ్య, ఎఫ్ఎఫ్‌విఈ అంటారు, ధ్రువపత్రం ఇస్తుంది, దానితో పాతకాలపు బండి కింద రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. సమాఖ్యకి బండి నంబరు కావాలి, అది చదవడానికి వీల్లేకుండా గీకేసి ఉంటే మాత్రం దణ్ణం పెట్టి వచ్చేయండి.

ఇక బండి. మన సైకిల్ డైనమో టైరుకి ఆనుకుని తిరిగి లైటు వెలిగిస్తుంది చూడండి, సోలెక్స్ అచ్చంగా దానికి ఉల్టా. ముందు చక్రం పైన కూర్చున్న 49 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్ ఒక గరుకు రోలర్‌ని తిప్పుతుంది, ఆ రోలర్ టైరుని తిప్పుతుంది. ముందు చక్రానికి చైనూ లేదు, బెల్టూ లేదు, గేర్లూ లేవు. హ్యాండిల్ వెనక ఉన్న లివర్ లాగితే ఇంజిన్ పైకి లేచి టైరుని వదిలేస్తుంది, అప్పుడది బరువైన సైకిల్, అంతే. ఇది చేసింది సోలెక్స్ అనే కార్బురేటర్ల కంపెనీ, గూదార్, మెనెసోన్ అనే ఇద్దరు పెట్టినది. 1946లో అమ్మకాలు మొదలై 1988 దాకా ఫ్రాన్స్‌లో తయారైంది, మొత్తం 70 లక్షల పైమాటే అంటారు. మీరు చూసిన 3800 రకం 1966 నుంచి వచ్చింది. ఆ తర్వాత హంగరీలో కూడా కొంతకాలం చేశారు, కాబట్టి బండి మీద ఉన్న పేరు పలక సరిగ్గా చదవండి. హంగరీది చెడ్డదని కాదు, ఫ్రెంచి ధర పెట్టి కొనాల్సిన పని లేదని.

సంతకి మళ్లీ వెళ్లినప్పుడు ఇంజిన్‌ని టైరు మీదికి దించి కొంచెం దూరం తొక్కండి. డీకంప్రెషన్ లివర్ (తొక్కడం తేలికవడానికి సిలిండర్‌లో ఒత్తిడిని వదిలించేది) వదలగానే కాళ్లకి గట్టిగా అడ్డు తగలాలి, తగలకపోతే కంప్రెషన్ పోయినట్టే, బేరం అక్కడితో సగానికి దించండి. ప్లగ్ ఊడదీసి దాని మెటల్ భాగాన్ని ఇంజిన్‌కి ఆనించి తొక్కితే నీలం రంగు నిప్పురవ్వ రావాలి. రాకపోయినా కంగారు పడొద్దు, ఏళ్ల తరబడి వాడని బండికి పాయింట్లు (రవ్వ పుట్టించే చిన్న స్విచ్ లాంటివి) మసిబారిపోవడం మామూలే, ఎమెరీ కాగితంతో సన్నగా రుద్ది 0.4 మిల్లీమీటర్ల సందు పెడితే చాలాసార్లు రవ్వ తిరిగొస్తుంది. రవ్వ ఉండి కూడా అంటుకోవట్లేదంటే నా అనుమానం డయాఫ్రమ్ అనే పల్చటి పొర మీదే. తమాషా ఏమిటంటే, కార్బురేటర్లు అమ్ముకుని బతికిన కంపెనీ తన సొంత బండికి ఫ్లోట్ (పెట్రోల్ మట్టం చూసుకునే తేలే బుడ్డి) లేని కార్బురేటర్ పెట్టింది! ఇంజిన్ క్రాంక్‌కేసులో పుట్టే ఒత్తిడితో ఒక చిన్న డయాఫ్రమ్ కొట్టుకుంటూ పెట్రోల్‌ని ట్యాంకులోంచి పైకి తోస్తుంది, మిగిలింది గొట్టంలోంచి తిరిగి ట్యాంకులోకే కారుతుంది. ఆ డయాఫ్రమ్ గట్టిపడిందా, బండి అంటుకోదు, అంటుకున్నా నాలుగడుగులు వేసి ఆగిపోతుంది. కొత్తది చవకే, ఫ్రాన్స్‌లో ఈ బండి సామాన్లు ఇప్పటికీ బాగానే దొరుకుతాయి.

నేనైతే ఇంజిన్ కంటే ముందు చక్రం చూసి నిర్ణయిస్తాను. రిమ్ సొట్టపోయి ఊగుతుంటే రోలర్ ఒకచోట పట్టి ఒకచోట జారుతుంది, ఎంత మంచి ఇంజిన్ ఉన్నా దండగే. రోలర్ అరిగి నున్నగా అయిందేమో వేలితో తడమండి. టైరు పగుళ్లు ఉంటే మార్చాలి, ఏదో ఒక సైకిల్ టైరు ఎక్కించకండి, దీనికోసం చేసిన టైరే వేయండి. ఇవన్నీ బాగుండి కొన్ని వందల యూరోల్లో వస్తుంటే తీసుకోండి. లిల్ చదునుగా ఉండే ఊరు, సోలెక్స్‌కి అంతకంటే ఏం కావాలి.

ప్రశ్న: లియోన్‌లో ఉంటాం, క్రువా రూస్ గుట్ట మీద ఇల్లు. మా ఆయన సోలెక్స్ కొంటానంటున్నారు. రోజూ ఆఫీసుకి దానిమీదే వెళ్తారట. కుదిరే పనేనా? (ఒక పాఠకురాలు)

దిగడానికి కుదురుతుంది. ఎక్కేటప్పుడు ఆయనే దాన్ని ఎక్కించాల్సి వస్తుంది. చదును రోడ్డు మీదే ఇది గంటకి 30, 35 కిలోమీటర్లు పోతుంది, ఎత్తు రాగానే పెడల్ తొక్కి సాయం చేయాలి, ఆ గుట్టకైతే సాయం అనే మాట చిన్నది. ఇంకో సంగతి, వానపడితే తడిసిన టైరు మీద రోలర్ జారుతుంది, ఇంజిన్ గోల చేస్తుంటుంది, బండి మాత్రం అక్కడే ఉంటుంది. ఆఫీసు మీటింగుకి తడిసి, చెమటలు కక్కుతూ వెళ్లడం ఆయనకి ఇష్టమైతే నాకేం అభ్యంతరం లేదండి.

గుట్టకైతే మోబిలెట్ చూడమనండి. మోటోబెకాన్ కంపెనీ 1949లో తెచ్చింది, ఎరిక్ జోల్మ్ అనే ఇంజినీరు రూపొందించినది, కోటికి పైగా అమ్ముడుపోయింది. దీనికి ఇంజిన్ కిందే ఉంటుంది, వెనక చక్రానికే బలం వెళ్తుంది. వేరియేటర్ ఉన్న రకమే అడగండి. ఎత్తు వచ్చినప్పుడు అది గేరు మార్చినట్టు తనంతట తానే నిష్పత్తి మార్చుకుంటుంది, వేరియేటర్ లేని చవక రకాలతో మళ్లీ కాళ్లకే పని. ఫ్రాన్స్‌లో నీలం రంగు మోబిలెట్‌ని 'ల బ్లూ' అని ముద్దుగా పిలుస్తారు, ఆ పేరు చెప్పి ధర పెంచేవాళ్లూ ఉన్నారు, చూసుకోండి.

ప్రశ్న: పెట్రోల్ ఏది పోయాలి? ఆయిల్ ఎంత కలపాలి?

ఒకప్పుడు సోలెక్సీన్ అని ఆయిల్ కలిపిన పెట్రోల్ డబ్బాల్లో అమ్మేవాళ్లు, తెచ్చి పోసుకోవడమే. ఇప్పుడు మనమే కలుపుకోవాలి. ఇప్పటి మంచి టూ స్ట్రోక్ ఆయిల్ అయితే 3, 4 శాతం వేసేవాళ్లే ఎక్కువ, అంటే లీటరుకి 30 నుంచి 40 మిల్లీలీటర్లు. "ఎక్కువ వేస్తే ఇంజిన్‌కి మంచిదే కదా" అని పోసేస్తే ప్లగ్ నల్లబడి ఆగుతుంది, సైలెన్సర్ మూసుకుపోతుంది. ఫ్రాన్స్‌లో బంకు దగ్గర ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్) వదిలేసి ఎస్‌పీ98 అనే రకం పట్టండి, ఇథనాల్ తక్కువ. పాత రబ్బరు గొట్టాలకీ డయాఫ్రమ్‌కీ ఇథనాల్ పడదు. మన దగ్గర బంకుల్లో ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిసినది, వస్తోంది కాబట్టి ఇండియాలో పాత టూ స్ట్రోక్ నడిపేవాళ్లు ఇథనాల్ తట్టుకునే గొట్టాలు వేయించుకుని, నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి పెట్టడం మేలు.

ప్రశ్న: తిరుపతి దగ్గర మా ఊళ్లో, పశువుల కొట్టంలో తాతగారి సువేగ ఉంది. అది ఫ్రెంచి బండి అని మా మామయ్య అంటాడు, నేను నమ్మలేదు. బాగు చేయించి నడపాలనుంది. (ఒక విద్యార్థి)

మీ మామయ్య చెప్పింది కరెక్టే. తిరుపతిలోని మోపెడ్స్ ఇండియా వాళ్లు మోటోబెకాన్‌తో ఒప్పందం మీద 1960ల్లో మొదలుపెట్టి చేసిన బండి అది, పైన చెప్పిన మోబిలెట్‌కి మన చెల్లెలు అనుకోండి. లూనా రాకముందే ఊళ్లలో టీచర్లూ పాలవాళ్లూ దీనిమీద తిరిగారు.

నాదొక మాట వినండి, ముందు ఇంజిన్ జోలికి పోకండి. పెట్టెలన్నీ వెతికి ఆర్‌సీ బుక్కు తీయండి, దాని మీద మొదటి రిజిస్ట్రేషన్ తేదీ చూడండి. తేదీ యాభై ఏళ్లు దాటి, బండి పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉంటే 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ కింద రిజిస్టర్ చేయించవచ్చు. నంబరులో 'వీఏ' అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము 20 వేలు, ఆ గడువు పదేళ్లు, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5 వేలు. కానీ ఆ నంబరుతో రోజూ కాలేజీకి వెళ్లడానికి లేదు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ రిపేరుకీ పెట్రోల్ పోయించుకోవడానికీ మాత్రమే. కాలేజీకి పోవాలంటే ఆర్టీఏ ఆఫీసులో మామూలు పద్ధతిలో రెన్యూవల్ అవుతుందేమో అడగండి.

సామాన్ల విషయంలో, ఫ్రాన్స్‌లో మోబిలెట్ భాగాలు దొరుకుతాయి కదా అని నేరుగా ఆర్డర్ పెట్టేయకండి. పిస్టన్, బేరింగులు, సీల్సు కొలతలు తీయించి, ఆ కొలతలు కలిస్తేనే తెప్పించండి. కొట్టంలో ఉన్న బండి కాబట్టి ఇంజిన్ పట్టేసి ఉంటుంది. ప్లగ్ తీసి సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి, తర్వాత చేత్తో మెల్లగా తిప్పి చూడండి. పెడల్ మీద నిలబడి బలవంతం చేశారో, పాత రింగులు విరిగి సిలిండర్ గీసుకుపోతుంది.

ప్రశ్న: ఫ్రాన్స్‌లో సోలెక్స్‌కి లైసెన్స్ కావాలా? అది సైకిలే కదా!

పోలీసాయనకి ఈ మాట చెప్పి చూడండి. 49 సీసీ ఇంజిన్ ఉంది కాబట్టి మోపెడే. 1988కి ముందు పుట్టినవాళ్లకి లైసెన్స్ అవసరం లేదు, ఆ తర్వాత పుట్టినవాళ్లు 'ఏఎం' అనే మోపెడ్ లైసెన్స్ గానీ కారు లైసెన్స్ గానీ చూపించాలి. హెల్మెట్, ఇన్సూరెన్స్ అందరికీ తప్పవు. ఇన్సూరెన్స్‌కి పాత బండ్లకి విడిగా పాలసీలు ఇచ్చే కంపెనీలని అడగండి, మామూలు స్కూటర్ రేటుకంటే తక్కువకే రావచ్చు.